దుర్గాబాయి దస్కతు పెట్టిన తొమ్మిది దుకాణాలు

మేడ్చల్ అంగడి వెనుక సందులో మేదరివాళ్ల ఇళ్లు మూడే ఉండేవి. నడిమింటి అరుగు మీద బొంగులు చీలుస్తూ కూర్చున్న దుర్గాబాయిని నేను మొదటిసారి చూసింది తొంభై ఆరులో. మా బడి వార్షికోత్సవంలో నాటకం కోసం గుడిసె వెయ్యాలి, తడకలు పట్టుకురమ్మని హెడ్మాస్టరు పంపిస్తే వెళ్లాను. నా పేరు మధుసూదన్. మచ్చ బొల్లారంలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగు మాస్టర్ని. ఆ జీతంతో ఇల్లు నడవక సాయంత్రాలు మేడ్చల్ రోడ్డు పొడుగునా దుకాణాలకు బోర్డులు రాసేవాణ్ణి.

"ఎన్ని దినాలు నిలవాలె?" అని అడిగింది, తలెత్తకుండానే.

"ఒక్క పూటకేనమ్మా. నాటకానికి."

"ఒక్క పూట నిలిచే తడక నాకు అల్లరాదు. సీరె కట్టుకోండ్రి అడ్డం."

లోపలి నుంచి ఆమె భర్త గౌరయ్య నవ్వుకుంటూ బయటికొచ్చాడు. "ఆమె మాట పట్టించుకోకుండ్రి సారూ. పాతయి రెండున్నయ్, నేనిస్త" అన్నాడు. ఆ ఇంట్లో సరుకు ఆమెది, మాట ఆయనది. వారానికోసారి అంగడికి గంపలు మోసుకుపోయేది గౌరయ్యే. ఆమెను ఒక్కసారే వెంట తీసుకుపోయాడట. గంప గట్టిదో కాదో చూద్దామని బోర్లించి దాని మీద కూర్చున్న ఆసామిని "నీ ఇంట్ల పీటల్లేవా?" అని లేపి పంపించేసిందట. మళ్లీ తీసుకుపోలేదు.

ఈ గుణం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె అల్లిన చాటలన్నిటినీ అత్త పొయ్యిలో పెట్టి వంట చేసేదట. "అన్నం మంచిగ ఉడికింది బిడ్డా, నీ శాట గీ పనికన్న అక్కరకొచ్చింది" అనేదట. ఏడాది గడిచాక ఒక చాటను పొయ్యిలో పెట్టకుండా పక్కన పెట్టింది. మెచ్చుకోలేదు, కాల్చలేదు, అంతే. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం దుర్గాబాయి ముఖం కొంచెం మెత్తబడేది.

నాకెందుకో ఆ అరుగు దగ్గర ఆగడం అలవాటైంది. సైకిలుకు కట్టుకుపోతున్న నా బోర్డులను ఆమె చూసేది. తన పేరు గీసుకోవడం తప్ప చదువు రాదు. ఒకసారి కిరాణా దుకాణం బోర్డు చూసి, "ఏం రాసినవో నాకెరుక లేదు సారూ. కానీ కుడిదిక్కు ఒరిగింది" అన్నది. ఇంటికెళ్లి స్కేలు పెట్టి చూశాను. ఒరిగింది.

ఇక ఒక సంఘం గురించి చెప్పాలి. సుచిత్ర చౌరస్తా దగ్గర అపార్ట్‌మెంటులో పద్మలత గారని ఒకావిడ ఉండేవారు. భర్తకు బోరుబావులు తవ్వే మిషన్లు పది దాకా ఉండేవి. మిషన్ల మీద బతికే ఇంటికి చేతిపని మీద ప్రేమ పుట్టడంలో వింతేమీ లేదు. ఆకలి లేనివాళ్లకే ఉపవాసం మీద ఇష్టం. తన చుట్టూ ఒక పాతిక మందిని చేర్చుకొని "హస్తకళా హారతి" అని సంఘం పెట్టి, ఏటా ఫిబ్రవరిలో మేడ్చల్ రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాలు మైదానంలో చేతిపనుల సంత జరపాలని సంకల్పించారు. బోర్డులన్నీ రాసే పని నాకు దొరికింది. దుర్గాబాయి పేరు ఆవిడకు చెప్పింది కూడా నేనే. ఆ పాపం నాది.

మొదటి సంత తొంభై ఏడులో. దుర్గాబాయి కోసం మైదానం మధ్యన రెల్లుగడ్డి గుడిసె వేసి, అందులో ఆమెను కూర్చోబెట్టారు. ఫ్లెక్సీలు రాని రోజులు కాబట్టి గుడ్డ మీద నేనే రాశాను: శ్రీమతి దుర్గాబాయి గారు, వెదురు కళాకారిణి. గుడ్డ మీద గారు. నోటితో మాత్రం అందరూ నువ్వే.

"కొంచెం నిదానంగా అల్లు దుర్గమ్మా. అందరూ ఫోటోలు తీసుకోవాలి కదా" అన్నారు పద్మలత గారు.

"నిదానంగ అల్లితే బద్ద ఎండిపోతది" అన్నది దుర్గాబాయి, చేతి వేగం తగ్గించకుండా.

సాయంత్రం సన్మానం. వేదిక మీద ఆమెకు శాలువా కప్పారు. అందరూ చప్పట్లు కొడుతుంటే దుర్గాబాయి ఆ శాలువాను భుజం మీద నుంచి తీసి, తిరగేసి, అంచు పట్టుకొని రెండు వేళ్లతో నలిపి చూసింది. ఎదురుగా మైకు ఉందన్న సంగతి ఆమెకు తెలియదు.

"గిది మిషన్ మీద నేసింది గద?" అన్నది.

మైదానమంతా వినిపించింది. జనం నవ్వారు. పద్మలత గారు కూడా నవ్వారు, ఎంత నవ్వితే మర్యాదో అంత. నవ్వని వాళ్లు కూడా ఉన్నారు. అమ్ముతున్న సరుకులో సగం బేగం బజార్ టోకు దుకాణాల నుంచి మూటలు కట్టుకొచ్చిందేనని మర్నాడు ఒక పత్రికలో జిల్లా పేజీ మీద చిన్న వార్త వచ్చింది.

అందుకని తొంభై ఎనిమిదిలో సంఘం ఒక ఏర్పాటు చేసింది. ప్రతి దుకాణానికీ ఒక ధ్రువపత్రం. దాని మీద పరిశీలకురాలి సంతకం. పరిశీలకురాలు శ్రీమతి దుర్గాబాయి గారు. పోయినేడు వేదిక మీద సంఘం పరువు తీసిన నోటితోనే ఈ ఏడు పరువు నిలబెట్టించుకోవచ్చన్నది పద్మలత గారి తెలివి. తెలివైనదే. ఒక్కటే మరిచిపోయారు. ఆ మనిషికి ఒక పని చెప్తే చేస్తుంది.

సంత రోజు పొద్దున్నే ఆమెను తీసుకొచ్చారు. నలభై రెండు దుకాణాలు. నలభై రెండు కాగితాల కట్ట నా చేతిలో.

"ఏం రాసుంది ఇండ్ల?" అని అడిగింది నన్ను.

చదివాను. "ఈ దుకాణంలోని వస్తువులను స్వయంగా పరీక్షించితిని. ఇవన్నియు దుకాణదారులు తమ చేతులతో చేసినవేనని ధ్రువీకరించుచున్నాను."

"గట్లనా. అయితే సూడాలె గద."

పద్మలత గారు చెయ్యి ఊపారు. "అబ్బే, అంత అవసరం లేదమ్మా. ఫార్మాలిటీ. ఇక్కడే కూర్చుని పెట్టేసెయ్."

"ఫార్మాలిటీ అంటే ఏంది సారూ?" అన్నది దుర్గాబాయి, నా వైపు తిరిగి.

నేను ఆలోచించి చెప్పాను. "చేసినట్టు చేయడమమ్మా."

ఆమె చీర కుచ్చెళ్లు పైకి దోపుకొని లేచింది. పద్మలత గారు గడియారం చూసుకున్నారు. ఇంకా ఏడే అయింది. ముఖ్య అతిథి వచ్చేది పదకొండుకు. ముసలమ్మ సరదా తీర్చుకోనీ అనుకున్నట్టున్నారు. నేను కాగితాల కట్ట పట్టుకొని వెనక నడిచాను.

మొదటి దుకాణం మట్టి గుర్రాలు. బల్ల నిండా గుర్రాలే, ఎర్రమట్టి రంగు పూసినవి. దుర్గాబాయి ఒకదాన్ని తీసుకొని వెన్ను మీద బొటనవేలి గోరుతో గీసింది. అచ్చు అతుకు గోరుకు తగిలింది. దాన్ని పెట్టి ఇంకొకటి తీసింది, ఇంకొకటి.

"అన్నిటికి ఎడమ చెవికే దెబ్బ తాకిందేంది? ఒక్కటే కోడె అన్నిటిని పొడిసిందా?"

దుకాణం మనిషి ఏదో చెప్పబోయాడు. ఆమె అప్పటికే రెండో దుకాణంలో ఉంది. అక్కడ కుట్టుపని చేసిన టేబులు గుడ్డలు. వాటిని చూడను కూడా చూడలేదు, తిరగేసింది. "పని మొఖం సూస్తే ఏం తెలుస్తది, ఈపు సూడాలె" అన్నది. వెనుక దారాలన్నీ ఒకే తీరుగా, మిషన్ సూది దిగిన చుక్కలతో ఉన్నాయి. మూడోది పచ్చళ్లు. సీసాల వెనక పట్టుచీరలో కూర్చున్న ఆవిడను, మామిడికాయ ముక్క ఊరడానికి ఎన్నొద్దులు పడుతుందని అడిగింది. ఆవిడ తడబడి, "మా వంటమనిషికి తెలుసు" అన్నది.

"మరి ఆమెను కూసోబెట్టకపోయినవా ఈడ?"

ఇట్లా ఒక్కొక్కటే. ఆమె ముఖంలో కోపం లేదు. కోపమైతే వాళ్లు ఓర్చుకునేవారు. పుచ్చిపోయిన వంకాయను తీసి పక్కన పడేసే తీరులో చూస్తూ పోయింది. నాకు లోపల సంతోషంగానే ఉంది, నిజం చెప్తున్నాను. నా జన్మలో అనలేని మాటలను నా ముందర ఒకరు అంటున్నారు.

పదిహేనో దుకాణమో పదహారోదో, స్రవంతి అని ఒక చదువుకున్న పిల్లది. జనపనార సంచులు. అంత దూరం నుంచే తెలుస్తోంది, తానే కూర్చుని రాత్రింబగళ్లు కుట్టిందని; వేళ్లకు ప్లాస్టర్లు ఉన్నాయి. దుర్గాబాయి ఒక సంచి తీసి, అందులో పక్క దుకాణం నుంచి ఒక ఇటుక తెచ్చి పెట్టి ఎత్తింది. పిడి ఒక పక్క ఊడి వచ్చింది.

"నీ చేత్తోనే జేసినవ్ బిడ్డా. కానీ పాడుగ జేసినవ్."

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఆగలేక, "చేత్తో చేసిందా లేదా అన్నదే కదమ్మా కాగితంలో ఉంది" అన్నాను.

"సెయ్యి ఉన్నోళ్లందరికి పనొస్తదా సారూ? గీ సంచిల బియ్యం పోసుకొని బస్సెక్కితే ఏమైతది?" సంచిని బల్ల మీద పెట్టేసింది. "మిషన్ సంచే నయం. పిడి ఊడదు."

నాకు ఆ క్షణాన ఆమె మీద కోపం వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆ పిల్ల దగ్గర ఒక్క నిమిషం నిలబడి, పిడి ఎట్లా కుట్టాలో చూపించి ఉంటే ఆమె సొమ్మేం పోయేది? కానీ ఆమెకు ఆమె అత్త అట్లా చూపించలేదు. స్రవంతి మధ్యాహ్నం లోపలే దుకాణం సర్దుకొని వెళ్లిపోయింది.

అట్లా పోతూ పోతూ శామీర్‌పేట చెరువు దగ్గరి నర్సయ్య దుకాణానికి వచ్చింది. ముదిరాజుల నర్సయ్య, చేపలు పట్టేవాడు. విసురు వలలు అల్లి పెట్టుకున్నాడు. దుర్గాబాయి వలను పరిచి ముడులు చూసింది. వంగి చూసింది. పెదవి విరిచింది.

"గిది మిషన్‌దే. ఒక్క ముడి సుత ఎచ్చుతగ్గు లేదు. మనిషి చెయ్యి గిట్ల రాదు."

నర్సయ్య పక్కనున్న ఇంకో వల లాగాడు. కింద కూర్చొని, సగం అల్లిన వల కొసను కాలి బొటనవేలికి తగిలించుకొని, దారం చుట్టిన పుల్ల చేతిలోకి తీసుకొని అల్లడం మొదలుపెట్టాడు. చూపు దాని మీద లేదు. ఆమె ముఖం మీదే ఉంది. చేయి దానంతట అది పోతోంది. పది ముడులు, ఇరవై. దుర్గాబాయి నిలబడే చూసింది. తర్వాత మెల్లగా గొంతుక్కూర్చుని, కొత్త ముడుల మీద, పాత ముడుల మీద వేలు పెట్టి చూసింది.

"నా కండ్లు మండ" అన్నది. "పేపరియ్యి సారూ."

'దుర్గ' అని గీసింది. ఆమె సంతకంలో 'దు' కొమ్ము బొంగు చీల్చే కత్తిలా పొడుగ్గా కిందికి దిగేది. అట్లాంటి సంతకాలు ఆ పొద్దున తొమ్మిదే పడ్డాయి. కుండల సత్తయ్యకు ఒకటి, రావల్కోల్ నుంచి ఈత చాపలు తెచ్చిన పెద్దమ్మకు ఒకటి, ఇట్లా.

ముప్పై ఎనిమిదో దుకాణం ఆమె తమ్ముడు యాదగిరిది. శామీర్‌పేటలో ఉంటాడు. రంగులు వేసిన బుట్టలు గుట్టగా పెట్టుకున్నాడు. అక్కను చూసి కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"యాడియిరా గివి?"

"మనయే అక్కా."

"మన దిక్కు అంచు గిట్ల కట్టరు. లారీల దిగినయ్."

"చేత్తో జేసినయే గద అక్కా! ఎవరి చెయ్యైతేంది?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "బోర్డు మీద నా పేరు రాసిన్రు. పది మందిల ఇజ్జత్ పోతది" అన్నాడు.

"ఇజ్జత్ గావాలంటే ఇంట్ల కూసోని అల్లాలె" అని ముందుకు కదిలింది. యాదగిరి ఆ కుర్చీని కాలితో తన్నాడు. ఎనిమిదేళ్లు అక్కతో మాట్లాడలేదు ఆ తర్వాత.

చివరి దుకాణం పద్మలత గారిదే. సంఘం మహిళలు చేసినవంటూ రంగుల ప్రమిదలు, కొవ్వొత్తులు. దుర్గాబాయి ఒక ప్రమిదను బోర్లించి, అడుగున గోకింది. ధర చీటీ పీకేసిన జిగురు గోరుకు అంటుకుంది. ఆ గోరును పద్మలత గారికి చూపించింది. చీర చెంగుకు తుడుచుకొని వెళ్లి తన గుడిసెలో కూర్చుంది.

తొమ్మిది కాగితాల మీద సంతకం. ముప్పై మూడు ఖాళీ. టైము పదింబావు.

నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. నేను తిట్లకు సిద్ధపడి వెళ్లాను. పద్మలత గారు తలుపు దగ్గరగా వేసి, చాలా మెత్తగా అన్నారు:

"మధుసూదన్ గారూ, ఆమె సంతకం మీరు చూశారుగా. మూడు అక్షరాలు కూడా లేవు. మీరు ఆర్టిస్టు."

అప్పటిదాకా నన్ను ఆర్టిస్టు అన్నవాళ్లు లేరు. డ్రాయింగు సారు అనేవాళ్లు, బోర్డులాయన అనేవాళ్లు. డబ్బు ఇస్తామని ఉంటే కాదనేవాణ్ణేమో, బెదిరిస్తే ఎదురు తిరిగేవాణ్ణేమో. ఆ ఒక్క మాటకు పడిపోయాను. కుర్చీ లాక్కొని కూర్చుని ముప్పై మూడు కాగితాల మీద 'దుర్గ' అని గీశాను. సిగ్గుచేటు ఏమిటంటే, ఆ కొమ్మును సరిగ్గా దించాలని శ్రద్ధ కూడా పెట్టాను.

పదకొండుకు ముఖ్య అతిథి వచ్చారు, జ్యోతి వెలిగించారు, ప్రసంగాలు మొదలయ్యాయి. ఆ సందడిలో మట్టి గుర్రాలతను కొనుగోలుదార్లకు కాగితం చూపిస్తూ, "చూడండి, దుర్గాబాయి గారు స్వయంగా పరీక్షించి సంతకం చేశారు" అని అరుస్తున్నాడు. గుడిసెకు నాలుగడుగుల దూరం. దుర్గాబాయి లేచి వెళ్లి ఆ కాగితాన్ని అతని చేతిలోంచి తీసుకొని చూసింది. పక్క దుకాణంలో ఇంకొకటి చూసింది. తల తిప్పి మైదానమంతా వెతికింది. నేను వేదిక పక్కన నిలబడి ఉన్నాను. ఆమె చూపు నా మీద ఆగింది.

సరిగ్గా అప్పుడే వేదిక మీద నుంచి ఆమెను పిలిచారు, పరిశీలకురాలిగా రెండు మాటలు చెప్పమని. ఈసారి మైకు అంటే ఏమిటో ఆమెకు తెలుసు.

"నేను తొమ్మిది దుకాణాలకే దస్కతు పెట్టిన" అన్నది. వేళ్ల మీద లెక్కబెడుతూ పేర్లు చెప్పింది: వలల నర్సయ్య, కుండల సత్తయ్య, చాపల పెద్దమ్మ... తొమ్మిది మందివీ. "మిగిలినయి ఉత్తయే. గా దస్కతులు నావి గావు. గా సారు పెట్టిండు." వేలు నా వైపు చూపించింది. జనమంతా తిరిగి చూశారు. "గా మిగిలిన దుకాణాలల్ల చేత్తో మంచిగ జేసింది గదొక్కటే ఉన్నది, ఈయన దస్కతు. సూడుండ్రి, మస్తుగ జేసిండు."

పద్మలత గారు మైకు ఆపమని సైగ మీద సైగ చేస్తున్నారు. మైకు సెట్టు మేడ్చల్ ఎల్లేష్‌ది. తర్వాత అడిగితే, వైరు ఏ దిక్కున ఉందో దొరకలేదన్నాడు. తన సెట్టు తానే ఇరవై ఏళ్లుగా విప్పి కట్టేవాడు.

నవ్విన వాళ్లు నవ్వారు. ఆ తొమ్మిది దుకాణాలు ఎక్కడున్నాయని జనం వెతుక్కుంటూ పోయారు. మిగిలినవాళ్లు సంఘం ఆఫీసు గది ముందర గుమికూడి గొడవకు దిగారు. ముఖ్య అతిథి మధ్యాహ్న భోజనానికి కూడా ఉండకుండా కారెక్కారు. నేను వెనుక గేటు నుంచి సైకిలు నడిపించుకుంటూ బయటపడ్డాను. ఎక్కి తొక్కే ధైర్యం కూడా లేదు. మర్నాడు హెడ్మాస్టరు పిలిపించి, పిల్లల ప్రోగ్రెస్ కార్డుల మీద తల్లిదండ్రుల సంతకాలు ఇకనుంచి తానే సరిచూస్తానన్నాడు. క్లాసులో పిల్లలు వెనక నుంచి "దుర్గ, దుర్గ" అని గొణిగేవారు.

రెండు వారాలాగి దుర్గాబాయి అరుగు దగ్గరికి వెళ్లాను. గౌరయ్య ఎదురొచ్చి నవ్వుతూ మంచినీళ్లిచ్చాడు. ఆమె పని ఆపలేదు.

"మాఫ్ అడగనీకి వచ్చినవా?"

"అవునమ్మా."

"ఎంతసేపు పట్టింది ముప్పై మూడు?"

"అరగంట పట్టింది."

"గందుకే. ఒకదాన్ల కొమ్ము సగంల ఆగింది. ఇంకొకదాన్ల వంకర వోయింది." బద్దను నోట పట్టుకొని రెండుగా చీల్చింది. "దొంగపనైనా కుదురుగ జెయ్యాలె."

అంతే. క్షమించిందో లేదో నాకు తెలియదు. రేపు రావద్దని మాత్రం అనలేదు.

సంఘం వాళ్లు మరుసటి ఏడు చేతిపనుల సంత మానేసి వంటల పోటీ పెట్టుకున్నారు. సంత మాత్రం ఆగలేదు. మన తొమ్మిది మందిమే పెట్టుకుందాం అన్నవాడు నర్సయ్య. దుర్గాబాయి మొదట తీసిపారేసింది. "పండుగ ఎందుకు? ఏడాదంత ప్లాస్టిక్ కొనుక్కొని, ఒక్క దినం మా కాళ్లు మొక్కనీకా?" అన్నది. తర్వాత ఏర్పాట్లన్నీ తానే చేసింది. మేడ్చల్ అంగడి పక్కన ఖాళీ జాగా. వేదిక లేదు, శాలువా లేదు, మైకు లేదు, కాగితం లేదు. వచ్చినవాళ్లు జనం ముందర కూర్చుని తమ వస్తువు మొదటి నుంచి చివరిదాకా చేసి చూపించాలి, అదే దస్కతు. తొమ్మిది బోర్డులు నాతోనే రాయించింది. రెండింటిని తిప్పి పంపింది.

తొంభై తొమ్మిదిలో జనం బాగా వచ్చారు. సుచిత్ర నుంచి, అల్వాల్ నుంచి కార్లలో కూడా వచ్చారు. సరుకు కోసం కాదు, ఆ తగువులమారి ముసలమ్మ ఎవరో చూద్దామని. ఒక మేడం చాట చేతిలోకి తీసుకొని, "మనమే కదా ఇలాంటివాళ్లను బతికించుకోవాలి" అన్నది పక్కావిడతో.

దుర్గాబాయి చెవిన పడింది. "నన్ను బతికించనీకి కొంటున్నవా, బియ్యం చెరగనీకి కొంటున్నవా?"

"మిమ్మల్ని ప్రోత్సహించడానికేనమ్మా."

"అయితే ఆడ పెట్టెయ్యి."

గౌరయ్య కారు దాకా పరుగెత్తి, చేతులు జోడించి, ఏదో చెప్పి, ఆ చాటతోపాటు ఇంకో రెండు బుట్టలు కూడా అమ్ముకొచ్చాడు. అట్లా ఆయన పరుగుల మీద ఆ సంత నాలుగేళ్లు నడిచింది. జనం ఆమె మాటలకు వచ్చేవారు, ఆయన మాటలకు కొనేవారు. ఆమె మంచి మనిషని నేను చెప్పడం లేదు. ఆమె నోటి వల్ల ఆ తొమ్మిది మంది పోగొట్టుకున్న బేరాలు తక్కువేం కాదు. చాపల పెద్దమ్మ ఆ మాట ముఖం మీదే అన్నది ఒకసారి. "నీ సాపకు ఈసారి అంచు వదులైంది, గది సూసుకో ముందుగాల" అని జవాబు చెప్పింది దుర్గాబాయి. అంచు వదులైన మాట నిజమే. పెద్దమ్మ మళ్లీ రాలేదు.

రెండువేల రెండు చివర్లో గౌరయ్య కామెర్లతో పోయాడు. సత్తయ్య కుండలు మానేసి, ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. మరుసటి ఫిబ్రవరిలో సంతకు నలుగురే కూర్చున్నారు. ఆ సాయంత్రం దుర్గాబాయి ఒక్కతే అందరి సరుకూ అమ్మబోయి ముగ్గురితో తగువు పడింది. ఆపైన ఆ జాగా ఎవరో ప్లాట్లు చేసి ప్రహరీ కట్టారు. నేను ఆ గోడ మీద 'ఇచ్చట ప్లాట్లు అమ్మబడును' అని రాశాను. ఆ దారిన పోతూ ఆమె చూసింది. అక్షరాలు నిటారుగా ఉన్నాయని మాత్రం అన్నది.

రెండువేల ఆరులో శామీర్‌పేట దగ్గర ఒక కొత్త రిసార్టు వాళ్లు ఆమె ఇంటికి వచ్చారు. గోడలకు వేలాడదీసుకోవడానికి మూడు వందల చాటలు కావాలి. సందులు మూసేట్టు అలకాల్సిన పని లేదు, అంచు గట్టిగా కట్టాల్సిన పని లేదు, చూపుకు బాగుంటే చాలన్నారు. నేను అప్పుడక్కడే ఉన్నాను. తిట్టి పంపిస్తుందనుకున్నాను. ఆమె తాపీగా విని, "నాకు రాదు గా పని. నా తమ్ముడున్నడు, ఆనికైతే మస్తుగొస్తది" అని యాదగిరి చిరునామా నాతో చెప్పించింది. ఎనిమిదేళ్ల తర్వాత తమ్ముడికి పంపిన కబురు అది. దాన్ని దీవెన అనాలో తిట్టు అనాలో యాదగిరికే అర్థమై ఉంటుంది. పని మాత్రం తీసుకున్నాడు. దాని వెంట ఇంకో నాలుగు హోటళ్లు వచ్చాయి. రెండేళ్లలో స్లాబు ఇల్లు వేశాడు.

గృహప్రవేశానికి అక్కను తానే వచ్చి పిలిచాడు. తోడు నన్ను రమ్మన్నది. ఇద్దరం మేడ్చల్‌లో ఆటో ఎక్కి వెళ్లాం. ముందు గది గోడ నిండా చాటలు వేలాడుతున్నాయి, రంగురంగులవి. భోజనాలయ్యాక ఆమె లేచి గోడ పొడుగునా నడుస్తూ ఒక్కొక్కటే చూసింది. "ఉత్తది. ఉత్తది. గిదీ ఉత్తదే." యాదగిరి వెనకే నవ్వుతూ నడుస్తున్నాడు, వాడికి ఇప్పుడు ఆ మాట తగలడం లేదు. కిటికీ పక్కన రంగు వేయని చాట ఒకటుంది. అక్కడ ఆగింది. రెండు చేతులతో మేకు మీద నుంచి దించి, వెలుతురుకు పెట్టి చూసింది.

"ఎవరు జేసిన్రు దీన్ని?"

"నేనే అక్కా."

"ఎప్పుడు?"

"పోయిన నెల. పని లేకుంటే ఒకనాడు కూసున్న."

ఆమె చాట అంచు చుట్టూ గోరు పెట్టి చూసింది. "అయితే చేతనైతది నీకు" అన్నది చివరికి. "మరి గవన్ని ఎందుకట్ల జేసినవ్?"

"గోడకు ఏలాడేదానికి గంత చాలక్కా. గిట్ల కుదురుగ జేస్తే సూసేటోళ్లు ఎవరు? అడిగేటోళ్లు ఎవరు?"

అన్ని గుర్రాలనూ, అన్ని ప్రమిదలనూ, నా ముప్పై మూడు దస్కతులనూ తూకం వేసిన మనిషి ఆ మాటకు గోడ వైపు ఒకసారి చూసింది. తమ్ముణ్ణి తిట్టలేదు. ఆ చాటను చంకలో పెట్టుకొని, చెప్పులు వేసుకొని బయటికి నడిచింది. యాదగిరి భార్య బొట్టు పెట్టి చీర పెడతాను ఆగమని వెనకాల పిలుస్తోంది.

ఆటోలో నేను అడిగాను, "ఎందుకమ్మా అది? మీ ఇంట్లో లేవా?"

"ఇంట్ల బియ్యమున్నయ్" అన్నది దుర్గాబాయి. "శాట అన్నంక చెరగాలె."